చూశాను

“పొట్ట లోపలికి లాక్కో మరిదిగారూ, పట్టీ బిగియట్లేదు,” అంది వదిన.

“అరవై దాటాక పొట్ట మన మాట వింటుందా?” అని నవ్వాడు అతను. ఈ రాతిగోడ మీంచి పడి అన్నయ్య పోయాక అతను కొండలెక్కడం మానేశాడు. ఇన్నేళ్ళకి మళ్ళీ అదే గోడ. పొద్దున్నే వెనక దారిన నడిచి వెళ్ళి, పైనున్న ఇనుప కడియంలోంచి తాడు దూర్చి, రెండు కొనలూ కిందికి వదిలి వచ్చాడు. ఒక కొన ఎక్కేవాడి నడుముకి, రెండోది కింద పట్టుకునే మనిషికి.

వదిన అతని నడుముకి ముడి కట్టడం మొదలుపెట్టింది. ఆవిడ దర్జీ. ఆవిడ వేసిన కుట్టు ఊడిందని ఇంతవరకూ ఒక్కరూ దుకాణం మెట్లెక్కి అడగలేదు. ఎడమ మణికట్టు మాత్రం సరిగ్గా తిరగదు. పెళ్ళైన కొత్తలో మెట్ల మీద జారిపడ్డానని చెబుతుంది. అన్నయ్యకి కోపమొస్తే మనిషి కాదని ఇంటిల్లిపాదికీ తెలుసు. అయినా అందరూ మెట్లనే తిట్టారు.

మబ్బు కమ్ముకొస్తోంది. కనుచూపు మేరలో మరో మనిషి లేడు.

“ఫోన్లో ఏదో చెప్పాలన్నావు, అప్పటి ముడి గురించి,” అంది వదిన తలెత్తకుండానే.

“పైకెక్కాక చెప్తా వదినా. అక్కడైతేనే నోరు పెగులుతుంది. పాపకి కూడా చెప్పాలి. తండ్రి ఎలా పోయాడో దానికీ తెలియాలిగా.”

“చెప్పేశావా?”

“ఇంకా లేదు. రేపు వెళ్తాను.”

“ఇంకెవరికైనా?”

“ఎవరికి చెప్పుకుంటాను? ఇన్నాళ్ళూ కడుపులోనే దాచుకున్నా.”

“మంచిది.” ఆవిడ కొన లాగి వదిలింది. “అయింది. చూసుకో.”

కొండెక్కేవాళ్ళ పద్ధతి అది. ఒకరు కట్టిన ముడిని ఇంకొకరు చూసి ‘చూశాను’ అనాలి. అనకుండా కాలు నేల వదలకూడదు. అతను వంగబోయి ఆగిపోయాడు. ఆ రోజు అన్నయ్యకి ముడి కట్టింది వదినే. ఆ ముడి ఊడే ఆయన పోయాడు. నా చేతులతోనే చేశానే అని ఈవిడ ఎంత కుమిలిపోయిందో, పాపం! ఇప్పుడు తను వంగి పరీక్షగా చూస్తే ప్రాణం చివుక్కుమనదూ?

“చూశాను,” అన్నాడు గోడకేసి చూస్తూ.

ఎక్కడం మొదలుపెట్టాడు. వేళ్ళు రాతిని మరిచిపోలేదు. మోకాళ్ళు మాత్రం ప్రతి అడుగుకీ సణిగాయి. సగంలో ఊపిరందక గోడని కరుచుకుపోయాడు. కాసేపు తాడు మీద బరువు వేసి ఆగుదామనుకున్నాడు.

“వాలకు!” కింద నుంచి వదిన అరిచింది. “ఒక్కసారి వాలితే మళ్ళీ ఎక్కలేవు. పైకెళ్ళాకే!”

నిజమే సుమా అనుకుని, పళ్ళ బిగువున ఎక్కాడు. చివరికి పై అంచు చేతికందింది. కింద వదిన బొమ్మంత ఉంది. ఇక ఆగలేకపోయాడు.

“వదినా! ఆ రోజు అన్నయ్య ముడి చూడాల్సింది నేను! నువ్వు కట్టావు కదా అని చూడకుండానే చూశానన్నాను. తప్పు నీది కాదు, నాది. పాపకీ అదే చెప్తాను!”

బావురుమన్నాడు. గుండె మీది బండ దిగిపోయినట్టయింది.

“సరేలే, ఏడవకు,” అంది కింద నుంచి వదిన. “ఇక వాలు. దించుతాను.”

ఎంత మంచి మనిషి! అతను కళ్ళు తుడుచుకుని, రెండు చేతులూ వదిలి హాయిగా వెనక్కి వాలుతుండగా వదిన గొంతు మళ్ళీ వినిపించింది.

“నువ్వు చూడవని తెలిసే కట్టాను, ఆ రోజూ, ఇవాళా.”