పగిలే సామాను

"మీ ఇద్దరి చేతి సంచులూ బరువెక్కువే. ఒక్క పెట్టెను వదుల్తాను. రెండోది లగేజీలో వెయ్యాలి," అంది చెన్నై విమానాశ్రయంలో కౌంటరమ్మాయి, వచ్చీరాని తెలుగులో.

"అందులో గాజులుండాయమ్మా! పగిలిపోవా?" అంది ధనలక్ష్మి పెట్టెను దగ్గరికి లాక్కుంటూ.

"పగిలే సామాను చేతిలోనే ఉంచుకోమంటాం. కానీ రెండు పెట్టెలు కుదరవు. లగేజీలో పగిలితే మా పూచీ లేదు," అంటూ ఆ అమ్మాయి ఎర్ర స్టిక్కరు తీసింది.

తోడికోడళ్లిద్దరూ మొహాలు చూసుకున్నారు. మైపాడు నుంచి వేటకెళ్లిన వాళ్ల భర్తల పడవ గాలివానకు కొట్టుకుపోయి అండమాన్‌లో తేలింది. అందులో ఒక్కడే ఉన్నాడు, ఒంటిమీద తెలివి లేకుండా. ఎండకు ఉబ్బిన ఆ ముఖాన్ని ఫొటోలో చూసి పెద్దవాడు ముత్యాలయ్యో, చిన్నవాడు శివశంకరో కన్నతల్లి కామమ్మే చెప్పలేకపోయింది. సముద్రం వదిలిపెట్టిన మొగుణ్ణి కొత్త గాజులు తొడుక్కునే చూడాలని వాళ్ల ఆనవాయితీ. అందుకే కోడళ్లకు చెరో పెట్టె ఇచ్చి, "చేతిలోంచి దించబాకండి. ఎవురివి పగిల్తే వాళ్ల మనిషి లేనట్టే," అంది.

"నాది లోపలెయ్యమ్మా," అంది ధనలక్ష్మి చివరికి. "మా భాను చిన్నది. తట్టుకోలేదు."

"వద్దక్కా," అంది భానుప్రియ. అందేగానీ తన పెట్టె మీంచి చెయ్యి తియ్యలేదు. సిగ్గేసింది, అయినా తియ్యలేదు.

సెక్యూరిటీ వాళ్లు ఆ పెట్టె విప్పి, దూదిలో ఉన్న ఆకుపచ్చ గాజుల్ని చూసి, మళ్లీ జాగ్రత్తగా మూసిచ్చారు. విమానంలో దారి పొడుగునా భానుప్రియ దాన్ని చంటిబిడ్డలా ఒళ్లోనే పెట్టుకుంది. ఒక్కసారి మాత్రం కునుకు పట్టింది. చెవి పక్కనే అల విరిగిన చప్పుడై ఉలిక్కిపడి లేచింది. చుట్టూ అందరూ నిద్రపోతున్నారు.

పోర్ట్‌బ్లెయిర్‌లో ధనలక్ష్మి పెట్టె బెల్టు మీద తలకిందులుగా వచ్చింది. ఒక మూల నలిగిపోయి ఉంది. దాన్ని ముట్టుకోడానికి ఆమెకు చెయ్యి రాలేదు. భానుప్రియే గుండె చిక్కబట్టుకుని మూత తీసింది.

ఎర్ర గాజుల్లో ఒక్కదానికీ చిన్న బీట కూడా లేదు.

"అక్కా, చూడు! ఒక్కటీ పగల్లా!" భానుప్రియ ఏడుస్తూనే నవ్వింది. "ఇద్దురూ బతికే ఉండారేమో అక్కా! రెండో మనిషిని ఇంకో పడవోళ్లు ఎక్కించుకునుంటారు!"

ఆ సంతోషంలోనే తన పెట్టె మూత తీసింది.

ఉప్పునీటికి తడిసి ముద్దయిన దూదిలో అన్నీ ఆకుపచ్చ ముక్కలే.