ఊరికే కూర్చునే మనిషి

ఆ ముసలాయన మళ్లీ వచ్చి రోడ్డు వైపు బల్ల దగ్గరే కూర్చున్నాడు.

సాన్ మౌంగ్‌కు ఒళ్లు మండింది.

బర్మాలోని మాండలేలో టీకొట్టన్నాక బల్ల మీద ఊరికే ఇచ్చే గ్రీన్ టీ ఫ్లాస్కు ఉండాల్సిందే. ముసలాయన ఒక్క పాలటీ తాగి, ఆపైన ఊరికే వచ్చేదాన్ని పొద్దెక్కేదాకా చప్పరిస్తాడు. పేపరు చదవడు. ఫోను చూడడు.

పరాయి ఊరొచ్చి, పెళ్లాం గాజులమ్మి పెట్టిన కొట్టు. ఎదురుగా ప్యే సోన్ టీకొట్టు ఉండనే ఉంది. కూర్చున్నవాడు లేస్తేనే ఇంకో బేరమన్నది సాన్ మౌంగ్ లెక్క.

"పెద్దాయనా, పనేం లేదా?"

"లేదు నాయనా."

"అయితే మఠానికి పోండి. అక్కడ ఊరికే కూర్చుంటే పుణ్యమైనా వస్తుంది. ఇక్కడ నా కొంప మునుగుతోంది."

"పోనీలే అన్నా, బల్లనేం కొరుక్కు తినడంలేదుగా!" అన్నాడు ఆటో తోలే విన్ బో.

"అంత జాలైతే నీ ఆటోలో కూర్చోబెట్టుకుని తిప్పు!"

సాన్ మౌంగ్ ఫ్లాస్కు ఎత్తేశాడు.

ముసలాయన లుంగీ బిగించుకుని, రోడ్డు దాటి, ఎదుటి కొట్టులో కూర్చున్నాడు.

పీడ పగవాడికి తగులుకుందని సాన్ మౌంగ్ సంబరపడ్డాడు.

పున్నమి రాకముందే బేరం అటు తిరిగింది. ఇటొచ్చే నలుగురూ నిలబడే తాగి పోతున్నారు. సమోసాలు చల్లారిపోతున్నాయి. రెండో కప్పు అడిగే దిక్కులేదు.

రోడ్డు మీదే విన్ బోను నిలదీశాడు.

"ఆ ముసలాడు నా మీద ఏం నూరిపోశాడ్రా మీకు?"

"ఆయన నోరు విప్పితేగా! ఆయన అలా తాపీగా కూర్చుంటే, మనమూ కాసేపు కూర్చోవచ్చులే అనిపిస్తుంది. నీ దగ్గర కూర్చుంటే నీ చూపు వీపులో గుచ్చుకుంటుంది."

సాన్ మౌంగ్ విసవిసా ప్యే సోన్ గల్లాపెట్టె దగ్గరకు పోయాడు.

"ముసలాణ్ణి ఎరగా వేసి నా బేరం లాక్కుంటావా? ఏం ఆశ చూపావు?"

"మెల్లగా, మళ్లీ లేచి వెళ్లిపోతాడు!" ప్యే సోన్ కంగారుగా అటు చూశాడు. "బల్ల ఆక్రమించాడని ముందు గెంటింది నేనే. అందుకే నీ కొట్టు పట్టాడు. ఎంత బతిమాలినా ఈ గడప తొక్కలేదు. నీ నోటి పుణ్యమా అని ఇన్నాళ్లకు వచ్చాడు."

"నువ్వు బతిమాలడమేంటి? ఎవరాయన?"

ప్యే సోన్ అతణ్ణి ఎగాదిగా చూశాడు.

"వీధంతటికీ తెలుసు. నీ కొట్టులో అన్నాళ్లు కూర్చున్న మనిషిని పేరైనా అడగలేదా? మా నాన్న."