ప్రాక్సీ మాస్టారు

"మళ్లీ అదే సార్. అవతల్నుంచి జవాబు లేదంటంది" అంది హేమశ్రీ, తెర మీంచి కళ్లు తిప్పకుండా.

రమణమూర్తి మాస్టారు వెనకనుంచి వంగి చూశారు.

"రాదమ్మా. ప్రాక్సీ ఒప్పుకోదు. బ్రౌజర్‌కి తప్ప దేనికీ దారి లేదని మొదట్లోనే సెప్పేను కదా."

"ఆ దారి వెయ్యడమే కదా సార్ నా ప్రాజెక్టు!"

ఆయన బల్ల మీది తాళాల గుత్తి జేబులో వేసుకుని తన గదిలోకి వెళ్లిపోయారు.

అది 1999 మార్చి. చోడవరంలో ఇంటర్నెట్ ఉన్న కాలేజీ మాదొక్కటే అని కాలేజీ నడిపే కరస్పాండెంట్ ఊళ్లో దొరికిన ప్రతి గోడ మీదా రాయించారు. ల్యాబ్‌లో పన్నెండు కంప్యూటర్లు, అన్నిట్లోనూ విండోస్ బదులు లైనక్స్. వాటిలో ఏది బయటికి పోవాలన్నా మాస్టారి గదిలో ఉన్న ప్రాక్సీ అనే మరో కంప్యూటర్‌ని అడిగి పోవాల్సిందే. గుమ్మంలో కూర్చున్న కాపలావాడన్నమాట. గోడ మీంచి ఆ గదిలోకి ఒక టెలిఫోను తీగ వెళ్లడం అందరూ చూసిందే.

ఆ కాపలావాడు చూడనిచ్చేవి ఇరవై రెండంటే ఇరవై రెండు సైట్లు. క్రికెట్ వద్దు, వార్తలు వద్దు, ఈమెయిల్ అసలే వద్దు. "స్కోరు కావాలంటే రేడియో పెట్టుకో. ఉత్తరం రాయాలంటే పోస్టాఫీసుంది" అనేవారు మాస్టారు. కొత్త సైటు కావాలంటే శనివారంలోగా అర్జీ పెట్టుకోవాలి. ఆదివారం ఆయన సంచి పట్టుకుని విశాఖపట్నంలో అక్కగారింటికి వెళ్లేవారు. వస్తూ వస్తూ తువ్వాల్లో చుట్టిన డిస్కొకటి తెచ్చుకునేవారు. ఏదో సామాను బాగుచేయించుకొస్తున్నారనుకునేవారు అందరూ. బుద్ధి పుడితే సోమవారం ఆ సైటు తెరుచుకునేది. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడని పిల్లలు వెనకాల నవ్వుకునేవారు.

రోలుగుంట నుంచి రోజూ బస్సులో వచ్చే హేమశ్రీకి నవ్వే తీరిక లేదు. డిగ్రీ ఆఖరి ఏడాది. మాస్టారు వేరే ప్రాజెక్టు తీసుకోమన్నా మొండికేసి ఇదే పట్టుకుంది. మెయిలు పంపే ప్రోగ్రాం గానీ, ఫైళ్లు తెచ్చే ప్రోగ్రాం గానీ, లైనక్స్‌లో ఉన్నది ఏదైనా సరే బ్రౌజర్ అడిగినట్టే అడిగి ప్రాక్సీని దాటిపోవాలి. అందుకు తనే ఒక చిన్న ప్రోగ్రాం రాసింది. రేపు ఎగ్జామినర్ వస్తారు. ఆయన కళ్ల ముందు ఒక్క మెయిలు బయటికి పోవాలి. పోతే డిగ్రీ, దాని వెంట గాజువాకలో ఒక కంప్యూటర్ సంస్థ ఇస్తానన్న ఉద్యోగం. పోకపోతే ఏడాది గంగలో కలిసినట్టే.

పక్క కంప్యూటర్ దగ్గరున్న సంతోష్‌కుమార్ కుర్చీ జరుపుకుని వచ్చాడు. ఇద్దరిదీ ఒకే తరగతి.

"ఏటన్నాడు?"

"రాదన్నారు."

"ఆ ఇరవై రెండూ?"

"నా ప్రోగ్రాం గుండా కూడా చక్కగా వస్తన్నాయి. మిగతా వాటికే మాటా పలుకూ లేదు."

"అయితే తప్పు నీది కాదు. ఆయనే కావాలని ఆపేస్తన్నాడు. తన ప్రాక్సీని ఒక ఆడగుంట దాటేసిందంటే పరువుపోదూ! భోజనానికెళ్లినప్పుడు ఆ గదిలో దూరదాం. రెండు వరసలు మారిస్తే సరి."

"వద్దు. నాకు లైనక్స్ నేర్పింది ఆయనే."

"నేర్పినోడే ముంచుతన్నాడు. సూడు మరి."

ఆ మాట గుచ్చుకుంది గానీ హేమశ్రీ కదల్లేదు. మధ్యాహ్నం మూడింటిదాకా రాసింది, కొట్టేసింది, మళ్లీ రాసింది. బయట రోడ్డు మీద చెరకు లారీ ఒకటి ఆగిపోయి హారన్ మోగిస్తూనే ఉంది. ఆమెకి ఏడుపొచ్చింది. కోపం మాస్టారి మీద కాదు, తన మీదే. మూడు నెలలుగా ఎక్కడో ఏదో చిన్న తప్పు చేస్తోంది, అది తన కంటికి కనబడటం లేదు.

ఒక తెల్లకాగితం తీసుకుని నాలుగు ముక్కలు రాసింది. దాన్ని పట్టుకుని మాస్టారి గదికి వెళ్లింది.

"సంతకం పెట్టండి సార్."

ఆయన రెండుసార్లు చదివారు. ప్రాజెక్టు విరమించుకుంటానని, వచ్చే ఏడాది మళ్లీ పరీక్ష రాస్తానని ఉంది అందులో.

"ఎందుకొదిలేస్తన్నావు?"

"తప్పెక్కడుందో దొరకలేదు సార్. మీరు ముందే వద్దన్నారు. నేనే వినలేదు. నాకంత తెలివి లేదు."

మాస్టారు లేచి తలుపు దగ్గరగా వేశారు. కాగితం మడిచి ఆమె చేతిలోనే పెట్టారు.

"నీ ప్రోగ్రాం నేను వరస వరసా సదివేను. ఒక్క తప్పు లేదమ్మా."

"మరెందుకు పోదు సార్?"

అంత కఠినమైన మనిషి మొహంలో సిగ్గు కనబడేసరికి హేమశ్రీకి ఎటు చూడాలో తెలియలేదు.

"కరస్పాండెంట్ గారికి మాటిచ్చేను. నోరిప్పితే నాకీ కాలేజీలో ఉద్యోగం ఉండదు. ఇద్దరు పిల్లలున్నోడిని, భయపడ్డాను, అబద్ధమెందుకు! కానీ తెలివి లేదని నీ అంతట నువ్వే అనుకునేదాకా ఊరుకున్నాను సూడు, అది పాపం."

"సార్, నాకేటీ అర్థం కాలేదు."

"రేపు ఎగ్జామినర్ గారికి నీ ప్రోగ్రాం సూపించు. మెయిలు ఎందుకు పోలేదని అడిగితే నేను సెప్తాను."

"ఏటని సెప్తారు సార్?"

మాస్టారు తలెత్తారు.

"ఆ ఇరవై రెండు సైట్లూ నేను ఆదివారాలు డిస్కులో ఎక్కించి తెచ్చినవేనని. మన కాలేజీకి ఇంటర్నెట్టే లేదని."