మూడో దెబ్బ

"మూడో దెబ్బకు దొంగ పేరు చెప్పాలె. గంతే సీను," అన్నాడు సాయన్న సార్.

సాంసన్ చెంప తడుముకుంటూ తలూపాడు.

పెద్దమందడికి పక్కనున్న ఊరది. రెండువేల నాలుగు, ఎండాకాలం. యువజన సంఘం వార్షికోత్సవానికి నాటకం వేస్తున్నారు. రాసింది రిటైరైన టీచరు సాయన్న. జమీందారు ఇంట్లో రత్నాల హారం పోతుంది. డిటెక్టివ్ ప్రచండ్ దిగుతాడు. దిగీ దిగగానే పాలేరును పట్టుకుని మూడు పీకుతాడు. పాలేరు దొంగెవరో చెప్పేస్తాడు. వేలిముద్రలు, ఆనవాళ్లు లాంటి తిప్పలేవీ ఆ మహానుభావుడికి పట్టవు. బుర్రతో పనే లేదు, చెయ్యి ఆడితే చాలు.

చందా ఎక్కువ ఇచ్చినవాడే హీరో. అది ఆ ఊరి ఆనవాయితీ. పటేల్ కొడుకు భాస్కర్ అందరికంటే ఎక్కువ ఇచ్చాడు కాబట్టి కోటూ, నల్ల కళ్లద్దాలూ అతనికే దక్కాయి. ఆ ఎండల్లో కోటులో ఉడికిపోతూ అద్దంలో చూసుకుని మురిసిపోయేవాడు. దెబ్బలు తినే వేషానికి మాత్రం చందా ఇచ్చేవాడు దొరకలేదు. అందుకే అది భాస్కర్ పొలంలో కూలి చేసే సాంసన్‌కు వచ్చింది.

సాంసన్‌కు అదే పండగ. వాళ్ల వాడ నుంచి ఇంతవరకు ఎవరూ ఆ స్టేజీ ఎక్కలేదు. మంచిగా చేస్తే ఏటా ఒక వేషం ఇస్తానని సార్ మాటిచ్చాడు.

డైలాగులు బట్టీ పట్టే అలవాటు అక్కడెవరికీ లేదు. సార్ అందిస్తాడు, వీళ్లు అందుకుంటారు. సార్ మాట ముగించకముందే సాంసన్ అందుకునేవాడు. భాస్కర్‌కు ఒకటికి రెండుసార్లు చెప్పాల్సి వచ్చేది. అది భాస్కర్‌కు మింగుడు పడలేదు.

"జర మెల్లగ కొట్టు పటేలా," అన్నాడు సాంసన్ ఓ రోజు.

"ఉత్తుత్తిగ కొడితే జనం నవ్వుతరు రా. డిటెక్టివ్ అన్నంక చెయ్యి బరువుండాలె," అన్నాడు భాస్కర్.

అన్నమాట నిలబెట్టుకున్నాడు కూడా. కుడిచెంప, ఎడమచెంప అనే పక్షపాతం ఎన్నడూ చూపించలేదు.

ఇంకో పేచీ వచ్చింది. దొంగగా ఉండటానికి ఎవరూ ఒప్పుకోలేదు.

"చందా ఇచ్చి దొంగనైతనా?" అన్నాడు మేనేజరు వేషం కట్టిన కిరాణా కొట్టు నాగన్న. డాక్టరు వేషం వేసేవాడూ అదే మాట. సార్ రోజుకో దొంగను మార్చి మార్చి విసిగిపోయాడు.

"పేరు స్టేజీ మీదనే అందిస్త. గప్పటిదాక నన్ను అడగకుండ్రి," అన్నాడు.

రాసినవాడికే తెలియని దొంగను పట్టుకోవడానికి డిటెక్టివ్ గారు కోటు కుట్టించుకున్నారన్నమాట!

రిహార్సల్స్ సాగేకొద్దీ సాంసన్ మారిపోయాడు. పిలిస్తే పలకడు. సార్ ఎదురుగా కూర్చుంటే తప్ప నోరు విప్పడు. ఆయన ముఖంలోకి గుచ్చి గుచ్చి చూసి, అప్పుడు డైలాగు అంటాడు.

"వేషం దొరికిందని మస్తు పొగరెక్కింది వీనికి," అన్నాడు నాగన్న.

ఆ పొగరుకు కూడా భాస్కరే మందు వేశాడు. చెయ్యి ఇంకాస్త బరువెక్కింది.

వాచిన చెంపలు చూసి సాంసన్ భార్య శైలజ ఏడ్చింది. నాటకం రోజు బయల్దేరుతుంటే చెయ్యి పట్టుకుని, వద్దని తల అడ్డంగా ఊపింది.

"మన వాడల ఎవ్వడన్న ఎక్కిండానే గా స్టేజీ? ఒక్క సీను. ఎట్లనో నడిపిస్త," అని సాంసన్ చెయ్యి విడిపించుకున్నాడు.

పొద్దుగుంకగానే నాటకం మొదలైంది. వాడంతా వచ్చి వెనక కూర్చుంది. ముందు కుర్చీలో ముఖ్య అతిథి, వనపర్తి నుంచి వచ్చిన లెక్చరర్ మధు. సార్ కాగితాలు పట్టుకుని తెర వెనక చేరాడు.

"చెప్పు! హారం ఎవడు తీసిండు?" అని భాస్కర్ మొదటి దెబ్బ కొట్టాడు. ఈలలు మోగాయి.

"నేరం రుజువు కాకముందే కొట్టుడేంది? ఎంత డిటెక్టివైనా అన్యాయమే కదా," అన్నాడు మధు.

"కొట్టకుంటే చెప్తడా సార్? మీకు గీళ్ల సంగతి తెల్వదు," అని పక్కవాళ్లు నవ్వారు.

రెండో దెబ్బ పడింది. మూడోది పడింది. తెర వెనక నుంచి సార్ పేరు అందించాడు. సాంసన్ పలకలేదు. భాస్కర్ ముఖంలోకే చూస్తూ నిలబడ్డాడు.

సార్ మళ్లీ అందించాడు. భాస్కర్ మళ్లీ కొట్టాడు. సాంసన్ తెర వైపు చూశాడు, మళ్లీ భాస్కర్ ముఖంలోకి చూశాడు.

"కావాల్నని చేస్తుండు! పటేల్ ఇజ్జత్ తీయాల్నని చూస్తుండు!" జనంలోంచి కేకలు లేచాయి.

"ఇంకో రెండు పీకు భాస్కరన్నా!"

లెక్చరర్ గారి న్యాయం కూడా అంతసేపే నిలిచింది.

"ఇంత మొండోడైతే డిటెక్టివ్ మాత్రం ఏం చేస్తడు? కొట్టక తప్పదు," అన్నాడు కాలు మీద కాలు వేసుకుని.

భాస్కర్ కళ్లద్దాలు తీసి విసిరేశాడు. ఇప్పుడు కొడుతున్నది డిటెక్టివో, పటేల్ కొడుకో చూసేవాళ్లకు తేడా తెలియలేదు. తెలుసుకోవాలని ఎవరికీ అనిపించనూ లేదు. సాంసన్ మోకాళ్ల మీద కూలబడ్డాడు.

అప్పుడు ఆడవాళ్ల మధ్య నుంచి శైలజ లేచి, జనాన్ని తోసుకుంటూ స్టేజీ ముందుకు వచ్చింది.

"మంచిగ వచ్చినవ్. నువ్వన్న చెప్పు నీ మొగనికి, గా ఒక్క పేరు చెప్పమను!" అని అరిచాడు భాస్కర్.

"నేను చెప్పినా, నువ్వు సంపినా ఆయనకు ఇనపడదు పటేలా, రిహార్సల్ల నువ్వు కొట్టిన దెబ్బలకే రెండు చెవులు పోయినయి."