మిషన్ అడిగిన మాట

పొద్దున ఏడింటికి ఫోన్ మోగింది.

"ఇది కంప్యూటర్ మాట్లాడుతోంది. మీ ఆక్సిజన్ నంబరు చెప్పండి."

సూరత్‌లో కరోనా రెండోసారి విరుచుకుపడిన రోజులవి. వడోద్‌లోని ఒంటిగదిలో, తెలంగాణ నుంచి వలసొచ్చి సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, బట్ట నేసే రాజనర్సు ఆరు రోజులుగా జ్వరంతో పడి ఉన్నాడు. ఇలా ఇళ్లలోనే ఉన్న రోగుల బాగోగులు కనుక్కోవడానికి ఓ కంపెనీ తెలుగు మాట్లాడే కంప్యూటర్‌ని పెట్టింది.

రాజనర్సు వేలికి తగిలించిన మీటర్ చూసుకున్నాడు.

"తొంబై... అయిదు."

రోజూ అయితే "ధన్యవాదాలు" అని పెట్టేసేది. ఆ రోజు పెట్టలేదు.

"ఈ పూట ఏం తిన్నారు?"

ఎత్తూ పల్లం లేని అదే గొంతు.

"గీ మిషన్‌కు నా తిండితోటి ఏం పనే?" అని భార్య బాలవ్వ మీద విసుక్కున్నాడు. అయినా చెప్పాడు. "జావ... తాగిన. సగం... గిలాస."

"గదిలోనే ఆరు నిమిషాలు నడవండి. నేను లైన్లో ఉంటాను."

బాలవ్వ భుజం పట్టుకుని నడిచాడు. మీటర్ ఎనభై ఆరుకి దిగింది. అదే ఫోన్‌లో చెప్పాడు.

"అంబులెన్స్‌కి నేను చెబుతున్నాను. తలుపు తీసి ఉంచండి."

ఇంకో గంట ఆలస్యమైతే మనిషి దక్కేవాడు కాదన్నారు డాక్టర్లు.

పద్దెనిమిది రోజులకు ఇల్లు చేరాడు. గల్లీలో ఎవరు కనబడినా ఒకటే మాట.

"మనుషులు ఒక్కరు దగ్గరికి రాలే. మిషనే నన్ను బతికిచ్చింది."

కాస్త ఓపిక రాగానే బాలవ్వను వెంటబెట్టుకుని, ఊళ్లోనే అడాజన్‌లో ఉన్న ఆ కంపెనీ ఆఫీసు వెతుక్కుంటూ వెళ్లాడు. చేతిలో కొబ్బరికాయ, కుంకుమ పొట్లం.

"సార్, ఆ మిషన్ యాడున్నది? దసరాకు మా సాంచాలకు పెట్టినట్టు బొట్టు పెట్టి పోత."

ఇంజనీర్ సుహాస్ నవ్వబోయాడు. జరిగిందంతా విన్నాక ఆ నవ్వు పోయింది.

"నంబరు తప్ప ఒక్క మాట ఎక్కువ అడగకూడదని రూలండీ. తొంభై అయిదు అంటే పెట్టేయాలి."

"మరి నన్నడిగింది గద సార్!"

సుహాస్ లేచి తలుపు దగ్గరగా వేసి వచ్చాడు.

"మీ యాస మా కంప్యూటర్‌కి ఎక్కనే లేదండీ. అది బయటికి చెప్పొద్దని మాకు ఆర్డర్."

బాలవ్వకు ఇదేమీ అర్థం కాలేదు. కుంకుమ పొట్లం విప్పింది.

"జర చూపియ్యి బిడ్డా. చేతులన్న జోడిచ్చి పోతం."

సుహాస్ తల వంచుకున్నాడు.

"మీ వడోద్ ఇళ్లన్నిటికీ కంప్యూటర్‌లా గొంతు పెట్టి మాట్లాడింది మా దగ్గర పనిచేసే వినోద అనే ఆవిడమ్మా, మీకు ఫోన్ చేసిన రోజు తనకీ జ్వరమే, మీరు ఆస్పత్రిలో ఉండగానే పోయింది."