నోయెల్ వస్తాడు

తాగుడు మానేవాళ్ల మీటింగు ఎక్కడ జరుగుతుందో అడగడానికి లీయాన్ పబ్బులోకే వెళ్లాల్సి వచ్చింది.

గోధుమ పొలాల మధ్య ఉన్న ఆ చిన్న ఊళ్లో సాయంత్రమైతే తలుపు తీసి ఉండేది అదొక్కటే. ఫోనులో చూపించిన చర్చికి ముందే వెళ్లింది. చర్చిని ఎవరో కొనుక్కుని ఇల్లు చేసుకున్నారు. నిక్కరు వేసుకుని పూలకుండీలకు నీళ్లు పోస్తున్న ఇంటాయన, మీటింగులు ఇక్కణ్ణుంచి మార్చేసి చాలా కాలమైందని చెప్పి, అయ్యో పాపం అన్నట్టు చూశాడు. ఆ చూపుకే ఆమెకు సగం ప్రాణం పోయింది.

పబ్బులో బీరు వాసన తగలగానే నోరూరింది. పిడికిళ్లు బిగించుకుని, కౌంటరు వెనక గ్లాసులు తుడుస్తున్న ఓనరును అడిగింది. అతను నవ్వలేదు. అందుకు ఆమె మనసులోనే దండం పెట్టుకుంది.

"మహిళా సంఘం హాలు, ధాన్యం గోదాముల వెనకాల. నోయెల్ అని ఒకాయన తెరుస్తాడు. తాగనివాడి దగ్గరే తాళంచెవి ఉండాలని వాళ్ల రూలు. ఏళ్ల తరబడి ఆయన దగ్గరే ఉంది."

ఎప్పుడో శుభ్రమైపోయిన గ్లాసును అతను మళ్లీ తుడిచాడు.

"ఇవాళ ఉంటుందో లేదో మాత్రం చెప్పలేనమ్మా."

ఎందుకని ఆమె అడగలేదు. ఇంకొక్క నిమిషం అక్కడే నిలబడితే తను అడిగేది వేరే ఉంటుంది. గబగబా బయటపడింది.

హాలుకు తాళం వేలాడుతోంది. మెట్ల మీద ఒక పెద్దాయన కూర్చుని పిప్పరమెంటు చప్పరిస్తున్నాడు. పక్కన పాల ప్యాకెట్టు, బిస్కట్లు. తనలాగే ఇంకో దిక్కులేని ప్రాణి అనుకుంది లీయాన్. మీటింగుకేనా అని అడిగితే తలూపాడు. పేరు అడగలేదు. ఇక్కడ పేర్లు గుచ్చి గుచ్చి అడగకూడదని హెల్ప్‌లైన్‌లో ఒకావిడ ముందే చెప్పింది. ఆమె కూర్చోగానే ఆయన మెట్టు మీద ఆ చివరికి జరిగాడు. మర్యాదస్తుడే అనుకుంది.

మిగతావాళ్లేరీ అంటే, వానలు పడ్డాయి కదా, అందరూ ట్రాక్టర్ల మీద విత్తనాలు వేస్తున్నారు, ఈ వారం ఎవరూ రారు అన్నాడు. తలుపు మీద అంటించిన నోయెల్ నంబరుకు ఆమె ఫోను చేసింది. స్విచాఫ్.

"ఈ నోయెల్ ఎప్పుడూ ఇంతేనా?"

"లేదమ్మా. ఇప్పటిదాకా ఒక్క గురువారం కూడా తప్పలేదు."

"అయితే వస్తాడు."

ఆయన బిస్కట్ల ప్యాకెట్టు చింపి ఆమె వైపు చాపాడు.

ఆ బిస్కట్టే కదిలించిందో ఏమో, లీయాన్ చెప్పుకుంటూ పోయింది. కూతురు టిల్లీ ఇప్పుడు లీయాన్ వాళ్లమ్మ దగ్గర ఉంది. అమ్మ చెడ్డది కాదు, నమ్మి నమ్మి విసిగిపోయింది. ఒక్కటంటే ఒక్క మీటింగులో కూర్చునిరా, ఆదివారం పిల్లను పంపిస్తాను అంది. పొద్దుట్నుంచి చుక్క ముట్టలేదు. వణుకు కనబడకుండా చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చుంది.

"ఇవాళ కాకపోతే మళ్లీ రాను. నా సంగతి నాకు తెలుసు."

ఆయన ఆమె మోచేతుల వైపు చూశాడు. తర్వాత ఖాళీ రోడ్డు వైపు చూశాడు. ఆయనకూ ఏమీ తోచడం లేదని ఆమెకు అర్థమైంది. జాలేసింది కూడా.

ఉన్నట్టుండి ఆమెకు ఒక ఆలోచన వచ్చింది.

"ఇద్దరుంటే చాలు, అదే మీటింగు అందండీ ఫోన్లో ఆవిడ. మీరు చెప్పండి, నేను వింటాను. ఈ మెట్ల మీదే కానిద్దాం. మా అమ్మకు అబద్ధం చెప్పినట్టూ ఉండదు."

ఆయన చేత్తో నోరు తుడుచుకున్నాడు.

"నా నోటితో ఇవాళ వద్దమ్మా. వచ్చే గురువారం రా. ఎవరో ఒకరు తీస్తారు."

వీధి దీపాలు వెలిగాయి. లీయాన్ లేచి బట్టలు దులుపుకుంది. ఎన్నడూ చూడని ఆ నోయెల్ మీద ఆమెకు కోపం ముంచుకొచ్చింది. ఏడుపు కూడా వచ్చింది.

"తాళం తీయడం. అదొక్కటే కదా ఆయన చెయ్యాల్సింది."

"అదొక్కటే," అన్నాడు పెద్దాయన.

"వస్తే చెప్పండి, ఒకావిడ వచ్చి చూసి చూసి వెళ్లిందని."

"చెప్తానమ్మా."

ఆమె కారు గోదాముల మూల దాకా వెళ్లి ఆగింది. ఎడమకు తిరిగితే ఇంటికి వెళ్లే పెద్ద రోడ్డు, కుడికి తిరిగితే పబ్బు. వెనక ఎర్ర లైట్లు వెలుగుతూ కారు అక్కడే చాలాసేపు ఉండిపోయింది. పెద్దాయన మెట్ల మీంచి లేచి నిలబడి, చెయ్యి సగం ఎత్తి, మళ్లీ దించేశాడు.

కారు కుడికి తిరిగాక, బీరు వాసన దాచడానికి వేసుకున్న పిప్పరమెంటు ఉమ్మేసి, నోయెల్ జేబులోంచి హాలు తాళంచెవి తీశాడు.