తాళం పుల్లలు

"దొంగల సామాను కొంటవా? గీ వయసుల?"

అనసూర్య కుట్టు మిషను ఆపేసింది. సదానందం ఫోను ఆమె వైపు తిప్పాడు. నల్లటి తోలు సంచిలో ముప్పై రెండు సన్నటి ఉక్కు పుల్లలు మెరుస్తున్నాయి.

"దొంగలకు కాదే. గిది హాబీ. తాళంచెవి లేకుంట తాళం తీసుడు. లోపట చిన్న చిన్న పిన్నులుంటయి. ఒక్కొక్కదాన్ని గీ పుల్లతోని లేపాలె. బుర్రకు పని."

"బుర్రకు పని గావాల్నంటే బీరకాయలు తరుగు."

సదానందం బెల్లంపల్లి గనిలో పంపు ఆపరేటరుగా రిటైరైన మనిషి. పొద్దున పేపరు చదివాక ఏం చేయాలో తోచడం లేదు. ఆ సంగతి అనసూర్యకూ తెలుసు.

"ఎంతేంది?" అంది కొంచెం మెత్తబడి.

"రెండు వేల నాలుగు వందలు."

"అవ్వో!"

సదానందం గబగబా తెరను కిందికి జరిపాడు. "గిది మూడు వందల యాభయ్యే. కానీ ఐదే పుల్లలు. తాళాన్ని ఒత్తిపట్టే వంకర పట్టీలు రెండు, లోపట పిన్నులు కనవడే ప్లాస్టిక్ తాళం ఒకటి. పిల్లలాట లెక్కుంది."

అనసూర్య కళ్లజోడు సర్దుకుని రెండు బొమ్మలూ చూసింది. "ముప్పై రెండింట్ల నువ్వు వాడేటియి ఎన్ని?"

నాలుగు రోజులుగా వీడియోలు చూస్తున్నాడు కాబట్టి అబద్ధం చెప్పలేకపోయాడు. "మొదట్ల... మూడో, నాలుగో."

"మరి మిగిలినయి దండకు గుచ్చుతవా? నా దగ్గర కుట్టు నేర్సుకునేటోళ్లకు మొదలే పట్టుబట్ట ఇస్తనా? పాత లుంగీ ముక్క ఇస్త. గా చిన్నది తెప్పియ్యి. చెయ్యి తిరిగినంక పెద్దది సూద్దాం."

అలా చిన్నది వచ్చింది. ప్లాస్టిక్ తాళం రెండు రోజుల్లోనే లొంగింది, లోపల ఏం జరుగుతోందో కంటికి కనబడుతోంది మరి. ఇంటి ఇత్తడి తాళం మాత్రం ఏడిపించింది. పట్టీని గట్టిగా ఒత్తితే పిన్నులు బిగుసుకునేవి, వదులు చేస్తే లేచినవన్నీ పడిపోయేవి. పదకొండో రోజు అది 'టక్'మని తెరుచుకుంది. సదానందం మంచం మీద నుంచి లేచి గంతేశాడు.

"లొల్లి జెయ్యకు" అంది అనసూర్య. "నాలుగిండ్లకు తెలిస్తే, రేపు మన క్వార్టర్ల లైన్ల గిన్నె పోయినా నిన్నే అడుగుతరు."

ఆ వారంలోనే, మధ్యాహ్నం పన్నెండుకి పక్క క్వార్టరు ముందు కేకలు వినిపించాయి. ఆ ఇంటి కోడలు జ్యోతిరాణి పొయ్యి మీద పప్పు పెట్టి, తలుపుకు తాళం వేసి, ఉప్పు ప్యాకెట్ కోసం కొట్టుకు పోయింది. తాళంచెవి దారిలో ఎక్కడో పడిపోయింది. లోపల, కాలు విరిగి కట్టుతో మంచం మీద ఉంది ఆమె అత్త బాలవ్వ. కిటికీలోంచి పొగ వస్తోంది.

"ఒసేయ్, పప్పు మాడుతుందే!" లోపలి నుంచి బాలవ్వ అరుస్తూ దగ్గుతోంది. "నేను గూడ మాడుత!"

ఎవరో గడ్డపార కోసం పరుగెత్తారు. ఎవరో కిటికీ ఊచలు గుంజుతున్నారు. సదానందం గుమ్మంలో నిలబడి భార్య వైపు చూశాడు. లోపల దగ్గు ఎక్కువైంది. అనసూర్య చప్పున ఇంట్లోకి పోయి, పుల్లల సంచి తెచ్చి అతని చేతిలో పెట్టింది.

"నన్నేం సూస్తవ్? పో!"

అతను జ్యోతిరాణి గడప ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. వెనక ముప్పై మంది ఊపిరి బిగబట్టారు. కళ్లు మూసుకుని పట్టీని వేలితో మెల్లగా ఒత్తాడు. ఒకటి లేచింది. రెండు. మూడోది జారింది. మళ్లీ మొదటి నుంచి. పొగకు కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి. నాలుగు. ఐదు...

'టక్.'

జ్యోతిరాణి లోపలికి ఉరికి పొయ్యి ఆర్పేసింది. ఇద్దరు కుర్రాళ్లు బాలవ్వను మంచంతో సహా బయటికి మోశారు.

"చారెడు పప్పును బొగ్గు జేసినవ్ గదనే!" అంటూనే బాలవ్వ సదానందం చేతులు పట్టుకుని కళ్లకద్దుకుంది. లైనంతా చప్పట్లు కొట్టింది. "కాకా, నీ చేతుల మంత్రమున్నది!" అంది జ్యోతిరాణి ఏడుస్తూ నవ్వుతూ. ఆ పూట ఇంటింటి నుంచి టీ వచ్చింది.

మర్నాడు పొద్దున సదానందం వాకిట్లోకి వచ్చి ఆగిపోయాడు. ఎదుటి తలుపుకు పిడికిలంత కొత్త తాళం. దాని పక్కింటికి రెండు. ఆ చివరి దాకా అన్ని గడియలకూ కొత్త తాళాలే మెరుస్తున్నాయి. జ్యోతిరాణి కూడా ఓ పెద్ద తాళం బిగిస్తూ, అతన్ని చూసి తల దించుకుంది.

"పానం గాపాడినందుకు మంచి ఇనామే ఇచ్చిండ్రు" అంది అనసూర్య.

సదానందం పుల్లల సంచిని అటక మీద, అన్నిటికంటే వెనక్కి తోసేశాడు. ఆ రోజంతా బయటికి రాలేదు.

సాయంత్రం ఎవరో తలుపు తట్టారు. అనసూర్య మిషను ఆపి లేచింది. "పోలీసులేనయ్యా. ఎవలో ఫిర్యాదిచ్చిండ్రు."

సదానందం లేచి తలుపు తీశాడు. బజారులో ఇనుప సామాన్ల దుకాణం నడిపే లింగమూర్తి, చేతిలో కిలో మిఠాయి పొట్లంతో నిలబడి ఉన్నాడు. లోపలికి రాకుండానే ఆ పొట్లాన్ని సదానందం చేతుల్లో పెట్టి, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి అడిగాడు:

"సదన్నా, నీ పుణ్యాన ఒక్క రోజుల దుకాణంల ఉన్న తాళాలన్నీ అమ్ముడుపోయినయి. రేపు ఇంకో రెండు పెట్టెల సరుకొస్తుంది. జర అవతలి లైన్ల గూడ ఒక్క తలుపు తెరువరాదే!"